ఆదోని చుట్టూ చరిత్ర దారులు – 8వ భాగం: గొలుసు పట్టిన దొర, తలుపు మూసిన తెర్నేకల్లు

పోయిన భాగంలో ఆదోని కోట పడిపోవడం చదివాం. 1786లో టిప్పు సుల్తాను కొండ చుట్టూ ఫిరంగులు మోహరించాడు. లోపల బసాలత్ జంగ్ కొడుకు మహబత్ జంగ్ కుటుంబంతో సహా చిక్కుకున్నాడు. నిజాం సేనలూ మరాఠా సేనలూ వచ్చి వాళ్ళను తుంగభద్ర అవతలికి చేర్చాయి. ఆ వెనకాలే టిప్పు కోటలో అడుగుపెట్టి, బురుజులు పగలగొట్టించి, తోపులను గుత్తికి తరలించాడు. మరుసటి ఏడు సంధి కుదిరి ఆదోని మళ్ళీ నిజాం వాళ్ళకే దక్కింది కానీ, దక్కింది మాత్రం కూలిన గోడలు. విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ పోటీపడిన కోట, సిద్ది మసూద్ ఖాన్ ఏలిన కోట, ఔరంగజేబు సేనలు పట్టుకున్న కోట ఆ దెబ్బతో రాజకీయంలోంచి తప్పుకుంది.

ఈ భాగంలో మనం కొండ దిగి పల్లెల్లోకి వెళ్తున్నాం. కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, దొరతనం ఈ సీమలో వేళ్ళూనుకున్నది కోటల్లో కాదు. చేను గట్టున, కరణం లెక్కల కవిలెలో, పల్లె నడిబొడ్డున వేసిన కచేరీ డేరాలో వేళ్ళూనుకుంది. అది చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఆదోనిలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరి, ఆస్పరి మీదుగా పత్తికొండ, అక్కడి నుంచి దేవనకొండ వైపు తిరిగి తెర్నేకల్లు, గోనెగండ్ల మీదుగా ఎమ్మిగనూరు చూసుకుని రాత్రి భోజనానికి ఆదోని చేరుకోవచ్చు. ఈ దారిలో రాజమహలు ఒక్కటీ రాదు. అయినా మన పట్టాలకూ అడంగళ్ళకూ ఎకరా గుంటల లెక్కకూ మూలం ఈ దారి పొడుగునా ఉంది. ఒక దొర మంచితనం మీద పుట్టిన కథలూ, అదే దొర పాలనలో ఉరికంబమెక్కిన ఒక పల్లె పెద్ద కథా ఈ దారిలోనే ఎదురవుతాయి. ఆ రెంటినీ ఒక్క రోజులో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నా పట్టుదల. విడివిడిగా చూసిన వాళ్ళకు 1800 నుంచి 1807 దాకా ఆ దొర ఇక్కడ ఏలిన ఏడేళ్ళూ సగమే అర్థమవుతాయి.

నది సరిహద్దు అయిన రోజు

1799లో శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాక, అతని రాజ్యాన్ని కుంపిణీ, నిజాం, మైసూరు ఒడయార్లు పంచుకున్నారు. 1792 యుద్ధంలో ఒకసారి, 1799లో ఇంకోసారి నిజాంకు వాటా వచ్చింది. బళ్ళారి, గుత్తి, కడప సీమలు అలా హైదరాబాదు కిందికి చేరాయి. ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. మరాఠాల భయంతో నిజాం తన రాజ్యంలో కుంపిణీ పటాలాలను పెంచుకున్నాడు. వాటి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? 1800 అక్టోబరు 12న జరిగిన ఒడంబడికలో దానికి జవాబు దొరికింది. ఏటేటా రొక్కం కట్టే బదులు, రెండు యుద్ధాల్లో వచ్చిన నేలనంతా నిజాం కుంపిణీకి ఇచ్చేశాడు.

ఆదోని ఆ లెక్కలోది కాదు. అది టిప్పు నుంచి పంచుకున్న వాటా కాదు, అంతకు ముందే నిజాం కుటుంబం జాగీరు. అయితే ఒడంబడిక రాసినవాళ్ళు పటం ముందు పెట్టుకుని తుంగభద్రనే హద్దు చేద్దామనుకున్నారు. నదికి ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటి తావులు నిజాం దగ్గరే ఉంచి, బదులుగా నదికి దక్షిణాన ఉన్న ఆదోనిని కుంపిణీ తీసుకుంది. నిన్నటిదాకా ఒకే ఏలుబడిలో ఉన్న ఏటి ఇవతలి ఊళ్ళూ అవతలి ఊళ్ళూ ఆ మార్పిడితో రెండు దొరతనాల కిందికి పోయాయి. ఇవాళ మంత్రాలయం దగ్గర వంతెన దాటి రాయచూరు వైపు పోయేవాళ్ళు దాటేది ఆ పాత హద్దునే. హైదరాబాదు రాజ్యం మన దేశంలో కలిసేదాకా దాదాపు నూటయాభై ఏళ్ళు అది హద్దుగానే ఉంది.

డేరాలో కలెక్టరు

నిజాం అలా ఇచ్చేసిన సీమకు దత్త మండలాలని పేరు. 1800 చివర్లో వీటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. గ్లాస్గోలో 1761లో పుట్టినవాడు. హైదర్ మీదా టిప్పు మీదా యుద్ధాల్లో సిపాయిగా పనిచేసి, సేలం వైపు బారామహలులో శిస్తు పని నేర్చుకుని, కనరాలో కొన్నాళ్ళు ఉండి ఇక్కడికి చేరాడు. ఇప్పటి లెక్కలో బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం, అంతా కలిపి ఒక్క మనిషి చేతిలో పెట్టారు. ఆయన కింద నలుగురు సబ్‌కలెక్టర్లు. ఆదోని విభాగం విలియం థాకరే అనే కుర్ర దొరకు వచ్చింది. తరవాతి రోజుల్లో ‘వానిటీ ఫెయిర్’ నవల రాసిన థాకరేకు ఈయన పెదనాన్న అవుతాడు. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకోవడం మంచిదా, జమీందార్లను మధ్యలో పెట్టడం మంచిదా అని మద్రాసులో వాదన ముదిరినప్పుడు, రైతు పక్షాన గట్టి నివేదిక రాసిన వాళ్ళలో ఈ థాకరే ఒకడు. ఆదోని చేలల్లో చూసినదంతా ఆ వాదన వెనక ఉంది.

వాళ్ళ చేతికి వచ్చిన సీమ పరిస్థితి ఏమంత బాగాలేదు. ముప్పై ఏళ్ళలో హైదరు, మరాఠాలు, టిప్పు, నిజాం వరసగా తొక్కిన నేల ఇది. నిజాం అమల్దారులు ఎన్నాళ్ళుంటారో వాళ్ళకే తెలియదు కాబట్టి ఉన్నన్నాళ్ళూ పిండుకున్నారు. జీతం అందని సిపాయిలు పల్లె మీద పడి తమ బాకీ తామే వసూలు చేసుకునేవాళ్ళు. దీనికి తోడు పాళెగాళ్ళు. మన్రో లెక్కలో వాళ్ళు 80 మంది, వాళ్ళ కింద ఆయుధం పట్టిన బంట్లు 30 వేల మంది. పల్లె బతకాలంటే తన గోడ తానే కట్టుకోవాలి. అందుకే ఈ సీమలో ఊరికొక బురుజు, కొన్ని ఊళ్ళకు చుట్టూ ప్రహరీ, రాత్రి మూసే తలవాకిలి ఉండేవి. ఇప్పటికీ కర్నూలు పడమటి పల్లెల్లో ఇళ్ళ మధ్య మట్టి, రాయి కలిపి కట్టిన ఎత్తైన బురుజొకటి కనిపిస్తుంది. పక్కనే ఎవరిదో పశువుల కొట్టం ఉంటుంది. పైకెక్కి చూస్తే చుట్టుపక్కల పొలాలన్నీ కనబడతాయి. గుర్రాల దుమ్ము లేచిందంటే దాని మీద ఉన్న తలారి కేక వేయాలి, చేలో ఉన్నవాళ్ళు పరుగున వచ్చి తలుపు వేసుకోవాలి.

మన్రో మొదట్లో ఏళ్ళ తరబడి డేరాల్లోనే బతికాడు. ఊరూరూ తిరగడం, చెట్టు కింద కచేరీ పెట్టడం, రెడ్డినీ కరణాన్నీ కాపులనూ కూర్చోబెట్టి గంటల కొద్దీ వాదనలు వినడం ఆయన దినచర్య. దుబాసీల మీద ఆధారపడకుండా తానే మాట్లాడటం ఆయన పద్ధతి. చుట్టూ పెద్ద కాపలా పెట్టుకోకుండా పాళెగాళ్ళ సీమలో తిరగడం ఆనాటి దొరల్లో అరుదు. ఇదంతా నిజం. ఆయన మీద ఇక్కడ పుట్టిన అభిమానం ఊరికే పుట్టింది కాదని నేను నమ్ముతాను.

దాంతోపాటు ఆయన వచ్చిన పని కూడా మరవకూడదు. పటాలాల ఖర్చు రాబట్టడానికే కుంపిణీ ఈ సీమను తీసుకుంది. మన్రో వచ్చిన ఏడు దత్త మండలాల శిస్తు సుమారు 10 లక్షల వరహాలు. ఆయన వదిలివెళ్ళిన 1807 నాటికి అది 15 లక్షలు దాటింది. మధ్యలో 1803 నుంచి వానలు ముఖం చాటేసిన ఏళ్ళు కూడా ఉన్నాయి. శాంతి వచ్చి సాగు పెరిగిన మాట వాస్తవమే. అదనంగా వచ్చిన ఆ అయిదు లక్షల వరహాలూ జొన్న చేలోంచి, పత్తి చేలోంచి రావలసినవే అన్న మాట కూడా అంతే వాస్తవం.

తలుపు మూసుకున్న పల్లె

మొదటి ఏడు సర్వే లేదు. పొలం కొలతలు లేవు. పాత లెక్కలు చూసి, కరణాలు చెప్పినదీ దాచినదీ అంచనా కట్టి, ఊరికింత అని మొత్తంగా శిస్తు వేశారు. చాలా ఊళ్ళు బేరమాడి, బతిమాలి, చివరికి ఒప్పుకున్నాయి. ఆదోని విభాగంలోని తెర్నేకల్లు ఒప్పుకోలేదు.

తెర్నేకల్లు ఇప్పుడు దేవనకొండ మండలంలో ఉంది. పేరున్న యాత్రాస్థలం కాదు. నల్లరేగడి, ఎర్రనేల కలగలిసిన పొలాల మధ్య ఒక రైతుల ఊరు. 1801లో అది కోట ఉన్న ఊరు. ఆ ఊరి పెద్ద ముతుకూరు గౌడప్ప. ఈ వైపు పల్లెల్లో కన్నడం, తెలుగు కలిసే నడుస్తాయి. ఊరి పెద్దను కొన్ని చోట్ల రెడ్డి అంటే, కొన్ని చోట్ల గౌడ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. సర్కారు ముందు ఊరి తరఫున నిలబడాలి, ఊరి ముందు సర్కారు తరఫున నిలబడాలి. రెండు పక్కలా మాట దక్కించుకోవడం ఎప్పుడూ కష్టమే. గౌడప్ప ఊరి పక్షం ఎంచుకున్నాడు. పెంచిన శిస్తు కట్టేది లేదన్నాడు. అడగవచ్చిన సర్కారు మనుషులతో గొడవ నెత్తుటి దాకా పోయింది. ఊరు తలవాకిలి మూసుకుంది.

ఒక పల్లె తలుపు మూసుకుంటే దొరతనానికి ఏమవుతుందని మనకు అనిపించవచ్చు. మన్రో, థాకరేల కళ్ళతో చూస్తే అది మామూలు సంగతి కాదు. కొత్తగా వచ్చిన ఏలుబడి. చుట్టూ ఎనభై మంది పాళెగాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. ఒక ఊరు శిస్తు ఎగ్గొట్టి నిలదొక్కుకుందంటే, పంట కోతల నాటికి నూరు ఊళ్ళు తలుపులు మూస్తాయి. అందుకే దత్త మండలాల సైన్యానికి అధిపతిగా ఉన్న జనరల్ డూగాల్డ్ కాంప్‌బెల్‌ను కదిలించారు. పెద్ద పాళెగాళ్ళ కోటల మీదికి పోవలసిన పటాలం ఒక రైతుల ఊరి మీదికి వచ్చింది.

తెర్నేకల్లు వాళ్ళు లొంగిపోలేదు. ఆడా మగా, చిన్నా పెద్దా గోడ మీదికెక్కి పోరాడారని ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. పల్లె కోటకు విడిగా సైన్యం ఉండదు. పగలు గొర్రు పట్టిన చేతులే రాత్రి వడిసెల పట్టాలి. గోడ మీద నిలబడింది ఊరంతా అనడంలో అతిశయం ఏముంటుంది? అయినా ఫిరంగుల ముందు మట్టిగోడ ఎంతసేపు ఆగుతుంది? కోట పడింది. గౌడప్పను ఉరితీశారు.

ఇది 1857కు యాభై ఆరేళ్ళ ముందు సంగతి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయడానికి నలభై ఆరేళ్ళ ముందు సంగతి. నరసింహారెడ్డి పాళెగాళ్ళ వంశంవాడు. ఆయన తిరుగుబాటు వెనక పోగొట్టుకున్న అధికారం, ఆగిపోయిన భరణం కూడా ఉన్నాయి. తెర్నేకల్లులో పాళెగాడు లేడు. శిస్తు భారం మోయలేమన్న రైతులూ, వాళ్ళ పెద్దా ఉన్నారంతే. కర్నూలు జిల్లా చరిత్ర రాసేటప్పుడు నరసింహారెడ్డికి పేజీలు ఇచ్చి గౌడప్పకు ఒక పంక్తి ఇవ్వడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. పిల్లలను బెలుం గుహలకూ అహోబిలానికీ విహారయాత్రలకు తీసుకెళ్ళే బడులు ఒక పూట తెర్నేకల్లుకు కూడా తీసుకెళ్తే బాగుంటుంది. చూపించడానికి పెద్ద కట్టడం ఏముందని అడగకండి. ఆ ఊరి పొలాలే చూపించాలి. దేనికోసం పోట్లాడారో అది అక్కడే ఉంది.

ముప్పై మూడు అడుగుల గొలుసు

తెర్నేకల్లు తరవాత మన్రోకు ఒక సంగతి బాగా అర్థమై ఉండాలి. ఊరికింత అని అంచనా మీద శిస్తు వేస్తే, అది ఊళ్ళో బలవంతుడి మీద తక్కువగా, బలహీనుడి మీద ఎక్కువగా పడుతుంది. రెండో ఏడు నుంచే రైతు రైతుతో విడిగా లెక్క తేల్చడం మొదలుపెట్టాడు. 1802లో సర్వే ఆరంభమైంది. ముందు కొద్దిమంది గుమస్తాలతో మొదలై, పని నేర్చినవాళ్ళు పెరిగేకొద్దీ విస్తరించి, 1807 నాటికి కొలతా తరం నిర్ణయమూ పూర్తయ్యాయి.

ఆ పని ఎలా జరిగేదో ఒక్క చేను దగ్గర నిలబడి చూద్దాం. గుమస్తా చేతిలో ఇనుప గొలుసు. పొడవు 33 అడుగులు. చేనుకు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు తలారి, కాపు కలిసి దాన్ని లాగుతారు. పొడుగూ అడ్డమూ ఒక్కో గొలుసు ఉన్న చదరం ఒక గుంట. అలాంటివి 40 అయితే ఒక ఎకరా. కరణం పక్కన కూర్చుని రాసుకుంటాడు. ఏ కాపుది, ఎన్ని గుంటలు, ఏ హద్దులు, మెట్టా మాగాణా, బావి ఉందా, రేగడా ఎర్రనేలా, రాళ్ళున్నాయా చవుడుందా. తరవాత తరం నిర్ణయించేవాళ్ళు వస్తారు. ఊరి కాపులనూ రెడ్డినీ కూర్చోబెట్టి, ఈ చేను ఏ తరగతి, దానికి ఎకరాకు ఎంత తీర్వ అని తేలుస్తారు. తన చేను మంచిదంటే శిస్తు పెరుగుతుంది, పక్కవాడి చేను చెడ్డదంటే వాడికి తగ్గుతుంది. ఆ కచేరీల్లో ఎన్ని పాత పగలు బయటపడి ఉంటాయో, ఎన్ని కొత్త పగలు పుట్టి ఉంటాయో ఊహించుకోవచ్చు. దాయాదులు గట్ల దగ్గర ఇప్పటికీ పోట్లాడుకునే తీరు చూసినవాళ్ళకు అది చెప్పనక్కర్లేదు.

రెండు వందల ఏళ్ళు దాటాయి. రేపు ఆదోని సంతలో ఇద్దరు రైతులు మాట్లాడుకుంటుంటే వినండి. నాలుగెకరాల పది గుంటలు అంటారు. ఆ పది గుంటలూ మన్రో గొలుసు కొలిచిన పది చదరాలే.

ఈ పద్ధతిలో మేలు ఉంది. రైతుకు తన పేరు మీద తన చేనుకు రాతపూర్వకమైన లెక్క వచ్చింది. మధ్యలో గుత్తదారు లేడు. అయితే ఆ గొలుసు కొసన ముడి గట్టిదే. మన్రో స్వయంగా ఒప్పుకున్న లెక్క ప్రకారం ఆ తీర్వ పంట మొత్తంలో నూటికి 45 పాళ్ళ దాకా తీసుకుంటోంది. విత్తనం, ఎద్దుల మేత, కూలి, ఆయగాళ్ళ మేర పోగా రైతుకు మిగిలేది ఎంత? పైగా ఊళ్ళో ఒకడు కట్టలేకపోతే మిగతావాళ్ళు తమ శిస్తు మీద నూటికి పది దాకా వేసుకుని ఆ లోటు పూడ్చాలి. పంట పోయినవాడి కష్టం పక్కింటివాడి నెత్తికెక్కేది.

నల్లరేగడిలో సాగు ఎంత బరువో తెలిస్తే ఆ 45 పాళ్ళ అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. ఈ నేలలో గడ్డివేర్లు లోతుకు దిగి చేనును కమ్మేస్తే మామూలు మడకతో పని కాదు. ఎనిమిదో పదో జతల ఎద్దులు కట్టిన పెద్దమడక దింపాలి. అన్ని ఎద్దులు ఒక్క కాపు దగ్గర ఉండవు. ఊరంతా ఎద్దులు కలిపి ఒకరి చేను తరవాత ఒకరి చేను దున్నుకోవాలి. ఆ తరవాత గుంటక తోలాలి, గొర్రుతో జొన్న, కొర్ర, పత్తి విత్తాలి, ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఆనాడు ఆ నీళ్ళు ఈ మెట్ట చేలకు ఎక్కేవి కావు.

మన్రో 1807లో వెళ్ళిపోయే ముందు నిజాయితీగా రాశాడు. ఈ తీర్వ రైతు మోయలేడు, నూటికి 25 పాళ్ళు తగ్గించండి, అప్పుడే భూమికి విలువ పుడుతుంది, రైతు నిలబడతాడు అని. మద్రాసు వాళ్ళు వినలేదు. తగ్గించకపోగా, రైతు రైతుతో విడిగా లెక్క తేల్చే ఈ రైతువారీ పద్ధతినే పక్కన పెట్టి ఊళ్ళను గుత్తకిచ్చారు. ముందు మూడేళ్ళకు, తరవాత పదేళ్ళకు. గుత్తదారు లాభం చూసుకున్నాడు, ధాన్యం ధరలు పడిపోయాయి, చాలా ఊళ్ళు దివాలా తీశాయి. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చాక గానీ ఆ తగ్గింపు ఈ సీమకు దక్కలేదు. మధ్యలో పోయిన ఆ పదమూడేళ్ళలో తెర్నేకల్లు లాంటి పల్లెల్లో ఎన్ని కుటుంబాలు పొలం వదిలి తుంగభద్ర దాటిపోయి ఉంటాయి? ఆ తీర్వ రైతు మోయలేడని దాన్ని వేసినవాడే ఒప్పుకున్నాడంటే, 1801లో గౌడప్ప అన్న మాటలో న్యాయం లేదని ఎవరనగలరు?

పత్తికొండలో ఒక సాయంత్రం

గవర్నరుగా మన్రో ఏడేళ్ళు చేశాడు. దిగిపోవడానికి అనుమతి అడిగి, రాబోయే గవర్నరు కోసం ఎదురుచూస్తున్నాడు. భార్య జేన్ జబ్బు పడిన కొడుకును తీసుకుని ముందే స్వదేశం వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ఒకసారి పాత సీమను చూసి రావాలని 1827 మే చివర్లో మద్రాసు నుంచి బయలుదేరాడు. ఏ రాజకార్యమూ బలవంతం చేయని ప్రయాణం అది. డేరాల్లో తిరిగిన ఊళ్ళు, కచేరీల్లో కూర్చున్న రెడ్ల కొడుకులు, తాను కొలిపించిన పొలాలు చూడాలని వచ్చాడు.

ఆరుద్ర కార్తె దాటి పునర్వసు వచ్చే రోజులు. గుత్తి చేరేసరికి వెంట వచ్చిన సిపాయిల్లో కలరా మొదలైంది. అయినా ఆగకుండా పత్తికొండ చేరారు. జులై 6 ఉదయం మన్రోకు కలరా సోకింది. ఆనాడు దానికి మందు లేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో డేరాలోనే పోయాడు. మరునాడు శవాన్ని గుత్తికి తీసుకుపోయి కోట కింద పూడ్చిపెట్టారు. కొన్నేళ్ళకు అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేర రాతిమెట్ల బావి తవ్వించి, చింతతోపు వేయించారు. అప్పటికి పత్తికొండ బళ్ళారి జిల్లాలోది. 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. ఆదోని అయితే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోనే ఉంది.

మన్రో చనిపోయాక ఈ సీమ ఆయన చుట్టూ కథలు అల్లుకుంది. కడప వైపు గండిలో ఆకాశాన బంగారు తోరణం ఆయనకు కనబడిందంటారు. మంత్రాలయంలో ఇంకో కథ ఉంది. సిద్ది మసూద్ ఖాన్ కాలంలో మఠానికి దక్కిన మంచాల గ్రామం ఇనామును తేల్చడానికి కలెక్టరుగా వచ్చిన మన్రోతో, 1671లో బృందావనంలో ప్రవేశించిన రాఘవేంద్రస్వామి స్వయంగా మాట్లాడారని, ఆ మాటలు మిగతావాళ్ళకు వినబడలేదని మఠం చెబుతుంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు. చరిత్రకారుడికి దీంట్లో పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఇనాములను రద్దు చేయగల అధికారం చేతిలో ఉన్న దొర వస్తున్నాడంటే గుళ్ళూ మఠాలూ దర్గాలూ ఎంత గుబులుపడ్డాయో, ఆ ఇనాము నిలిస్తే ఎంత ఊపిరి పీల్చుకున్నాయో ఆ కథలో దాగి ఉంది. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ పేరు పెట్టుకున్నవాళ్ళది తప్పని నేననను. ముందున్న అమల్దారులను చూసిన కళ్ళకు, మాట వినే దొర దేవుడిలాగే కనిపించి ఉంటాడు. పత్తికొండ నుంచి తెర్నేకల్లుకు బస్సులో పోయేంత దూరమే. ఇక్కడ బావి తవ్వించిన దొరతనం అక్కడ ఉరికంబం నాటింది. మన్రోను తలచుకునేవాళ్ళు ఆ కొద్ది దూరం కూడా ప్రయాణం చేయాలి.

మగ్గం మీద పన్ను

తిరుగుదారిలో గోనెగండ్ల దాటాక ఎమ్మిగనూరు వస్తుంది. మన్రో గొలుసు పొలాన్ని కొలిచింది. పొలం లేనివాడిని కొలవడానికి ఇంకో కొలత ఉండేది. దాని పేరు మొతర్ఫా. మగ్గానికింత, గానుగకింత, అంగడికింత అని వృత్తుల మీద వేసే పన్ను. పాత ఏలుబడుల నుంచి వచ్చినదాన్నే కుంపిణీ కొనసాగించింది. పత్తి పండే నేల పక్కనే నూలు వడికే ఆడవాళ్ళు, నేసే సాలెలు, కుర్ని కుటుంబాలు ఉన్న ఊళ్ళు ఈ వైపు ఎన్నో. ఆదోని తివాసీలకు కూడా పేరుంది. శిస్తు కట్టలేని కాపు కనీసం చేను వదిలి పోతాడు. నేతగాడికి మగ్గమే ఇల్లు, ఇల్లే మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే మనిషి ఆ గుంటను భుజాన వేసుకుని పోలేడు. అటు ఇంగ్లండు మిల్లు గుడ్డ ఓడలకెక్కి వస్తూ ఉంది, ఇటు మగ్గం పన్ను వసూలవుతూనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా మద్రాసు రాజధానిలో ఈ పన్ను నడిచింది.

ఎమ్మిగనూరు నేత ఆ దెబ్బలన్నిటినీ తట్టుకుని ఎలా నిలిచింది, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని ఎలా నిలబెట్టారు అన్నది పెద్ద కథ. దానికి ఈ ధారావాహికలో విడిగా ఒక భాగం ఉంది. ఇప్పటికి ఊరి మీదుగా వెళ్తూ ఒక వీధిలో ఆగి మగ్గం చప్పుడు విని ముందుకు సాగుదాం. జనవరిలో వెళ్ళేవాళ్ళు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులు చూసుకుని వెళ్తే, ఊళ్ళో నేత కుటుంబాలన్నిటినీ ఒక్కచోట చూడవచ్చు.

వచ్చే భాగంలో రైలు వస్తుంది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన ఇనుపదారి ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. ఆదోని పత్తికి ప్రపంచం తలుపు తెరుచుకుంది. సరిగ్గా అయిదేళ్ళకు, ధాత సంవత్సరంలో, వానలు పూర్తిగా మానేశాయి. అదే రైలు మీద ధాన్యం వచ్చిందా, పోయిందా? కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఒక్క పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ ఎందుకు పట్టుబట్టాడు, చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ ఎలా ఎదురు నిలిచాడు? ఆదోని, ఆలూరు పల్లెలు ఆ రెండేళ్ళను ఎలా గడిపాయి? ధాత కరువు దారిలో, ఆదోని స్టేషను నుంచి మొదలుపెడదాం.